రెండేళ్ళ అనుభవం

కోయంబత్తూరులోని ఆ కాలేజీలో రెండు చదువులకూ ఒకే రోజు ఇంటర్వ్యూలు పెట్టారు. పొడవాటి వరండాకు ఎడమవైపు గదికి ఎం.కామ్ అకౌంటింగ్ అనీ, కుడివైపు గదికి ఎంబీఏ అనీ కాగితాలు అంటించారు. సూర్య రెండింటికీ దరఖాస్తు పెట్టాడు. ఏ గదిలోకి వెళ్ళాలనే తగాదా వాళ్ళింట్లో నెల రోజులుగా సాగి, ఆ ఉదయం కారులో ముగిసింది. ముగించింది తండ్రి పళనిసామి.

తల్లి మాలిని మాత్రం మొదటి నుంచీ ఎం.కామ్ అనే అంటోంది. కొడుకు సంగతి ఆమెకు తెలుసు. బాలెన్స్ షీటు ముందు కూర్చోబెడితే సూర్యకు అన్నం కూడా గుర్తుండదు. నలుగురి మధ్య నిలబడి బేరం చెయ్యమంటే చొక్కా తడిసిపోతుంది.

"ఎం.కామ్ చదివితే ఒకరి కింద లెక్కలు రాసే కణక్కుపిళ్ళ అవుతాడు, ఎంబీఏ చదివితే పది మందికి జీతమిచ్చే మొదలాళి అవుతాడు," అన్నాడు పళనిసామి స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, 'కదా'కు 'దానే' అనే, తమిళం కలిసిన తమ ఇంటి తెలుగులో. "మన మండికి కణక్కుపిళ్ళ ముందే ఉండాది దానే?" అని భార్య వైపు చూసి నవ్వాడు.

ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్‌లో వాళ్ళది కమిషన్ మండి. రైతులు దింపిన సరుకును వేలం వేసి కేరళ వ్యాపారులకు అమ్మిపెడతారు. పెళ్ళైన ఏడాది నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆ మండి లెక్కలు రాస్తున్నది మాలినే. మదురైలో బీకాం చదివి వచ్చిన పిల్ల కనక అది సహజంగానే ఆమె నెత్తిన పడింది. చుట్టాలొస్తే పళనిసామి ఆమెను "మా ఇంటి కణక్కుపిళ్ళ" అని పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. మాలిని కాఫీ తీసుకురావడానికి లోపలికి వెళుతుంది.

వరండాలో అడ్మిషన్ల పని చూసే నివేదిత అనే అమ్మాయి వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఫైలు పళనిసామి చేతికిచ్చి, ఒకసారి చదివి చివరి పేజీలో సంతకం పెట్టమని తమిళంలో చెప్పి వెళ్ళింది. పళనిసామి కళ్ళద్దాలు కారులో మరిచిపోయాడు. ఫైలు భార్య ఒళ్ళో పెట్టి, "చూసి నువ్వే సంతకం పెట్టు," అన్నాడు.

మార్కుల జాబితాలన్నీ చూశాక చివర్లో ఒక వ్యాసం కనిపించింది. మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భాన్ని రాయండి అన్నది ప్రశ్న. సూర్య ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాడు.

కరోనా రెండో దఫాలో తండ్రికి ఊపిరితిత్తులు దెబ్బతిని మదురై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చిన్నాన్న మదన్ సలహాతో తాను మండి బాధ్యత తీసుకున్నానని రాశాడు. సరిహద్దులో లారీలు ఆగిపోయినప్పుడు త్రిశూరు వ్యాపారితో ఫోనులో మాట్లాడి ఒప్పించానన్నాడు. రైతుల టమాటా, మునక్కాయ కుళ్ళిపోకుండా సంచులు కట్టించి తిరుప్పూరు కాలనీలకు పంపానన్నాడు. బరువులెత్తే కూలీలను ఒక్కరినీ మానిపించలేదన్నాడు. అన్నీ నిజంగా జరిగినవే. ఆఖరి పేరాలో ఒక వాక్యం ఉంది. ఆ కష్టకాలంలో మా అమ్మ ఇంటిని చూసుకుంటూ మాకు మనోధైర్యం ఇచ్చింది.

మాలిని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. వేలు ఆ వరస మీదే ఆగింది.

ఆ రోజుల్లో సూర్యకు పద్దెనిమిదేళ్ళు. మేడ మీద గదిలో ఆన్‌లైన్ క్లాసుల్లో ఉండేవాడు. మదన్ రోగానికి భయపడి తన పిల్లల్ని తీసుకుని కినత్తుకడవులో అత్తగారి కొబ్బరితోటకు వెళ్ళిపోయాడు. ఐదు నెలలు మార్కెట్ ముఖం చూడలేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక కూడా పళనిసామి ఏడాదిన్నర పాటు రోజుకు గంట కూర్చుంటే ఆయాసపడేవాడు. రెండేళ్ళ పాటు, ముఖానికి గుడ్డ కట్టుకుని, గొంతు పోయేలా అరిచి ఆ మండిని నడిపింది మాలిని. పళనిసామి పూర్తిగా కోలుకున్న రోజున, "ఇంక నువ్వు ఇంట్లో ఉండు, కణక్కు చూస్తే చాలు," అన్నాడు. ఆమె ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజు ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పుడు వరండాలో బల్ల మీద కూర్చుని పళ్ళు కొరుక్కుంది.

"సూర్యా, ఇట్ల రా," అని పిలిచింది.

కొడుకు వచ్చాడు. తల్లి వేలు ఎక్కడుందో చూడగానే అతని ముఖం మారింది.

"ఇది ఎవురు చేసింది?"

"అమ్మా, మెల్లగా. అందరూ ఇట్లే రాస్తారు. రాయకపోతే సీటు రాదు."

"నేను అడిగింది అది కాదు. త్రిశూరు ఆయనతో మాట్లాడింది నువ్వా?"

సూర్య తండ్రి వైపు చూశాడు. "నాయనే చెప్పినాడు రాయమని."

పళనిసామి విసుగ్గా లేచాడు. "ఏం ఇప్పుడు? ఇంటి కత దానే. ఎవురు చేస్తే ఏమి? బిడ్డకు సీటు వస్తే నీకు సంతోషం లేదా?"

"అయితే మా అమ్మ చేసింది అని రాయొచ్చు దానే. మదన్ పేరు ఎందుకు? తోటలో దాంకొన్నోడి పేరు ఉండాది, నా పేరు లేదు."

"ఆడమనిషి మండి నడిపింది అని రాస్తే వాళ్ళు నమ్ముతారా? సంతకం పెట్టు."

మాలిని ఫైలు మూసి బల్ల మీద పెట్టింది. "నేను పెట్టను."

పళనిసామి కళ్ళద్దాలు లేకుండానే, నివేదిత మళ్ళీ వచ్చి చూపించిన చోట సంతకం పెట్టాడు. సూర్య కుడివైపు గదిలోకి వెళ్ళాడు. నలభై నిమిషాల తరువాత, సీటు అక్కడికక్కడే ఖాయం చేశారని నవ్వుతూ బయటికి వచ్చాడు. తల్లిని చూసి నవ్వు ఆపేశాడు.

తిరుగు ప్రయాణంలో కినత్తుకడవు దాటాక పళనిసామి రోడ్డు పక్కన బండి ఆపి మూడు కొబ్బరి బోండాలు కొట్టించాడు. మాలిని తనది పుచ్చుకోలేదు. సీటు వచ్చిన రోజు ముఖం అట్లా పెట్టుకుంటారా అని ఆయన అనేసరికి, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా బయటికి వచ్చింది. బోండాలవాడు కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మీకు ఊపిరి ఆడనప్పుడు మార్కెట్‌లో నిలబడింది నేను. మీ తమ్ముడు ఫోన్ కూడా ఎత్తలేదు. దినానికి పదైదు గంటలు నిలబడి, మళ్ళ ఆసుపత్రికి వస్తిని. దాన్ని మీరు మీ కొడుక్కి రాసిచ్చినారు. ఒక్క మాట నన్ను అడిగినారా? పెరట్లో కాసిన కాయ కోసుకున్నట్ల తీసుకుంటిరి!"

"ఇప్పుడు ఏం కావాల నీకు?"

ఏం కావాలో ఆ క్షణం దాకా ఆమెకూ తెలియదు. "నేనూ చదువుతాను," అంది.

పళనిసామి ముఖంలో బిగువు సడలింది. గొడవ ఇంత సులువుగా తీరుతుందని ఆయన అనుకోలేదు. "చదువు. ఎవురు వద్దనింది? ఎం.కామ్ కట్టు, కరస్పాండెన్స్‌లో. ఇంట్లో ఉండే చదవొచ్చు. కణక్కు నీకు బాగా వస్తాది."

సూర్య కూడా తలూపాడు. "అవునమ్మా, ఎం.కామ్ అయితే నీకు ఈజీ."

ఆ అనుమతి చెంపమీద కొట్టినట్టు తగిలింది. తిట్టినా ఆమెకు అంత మండేది కాదు. కారెక్కి తలుపు గట్టిగా వేసింది.

వారం రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. రెండు చదువుల వివరాలూ ఫోనులో చదివింది. నిజానికి లెక్కలంటే ఆమెకు ప్రాణం. ఆడిటింగు, పన్నులు, కంపెనీల లెక్కలు అని ఎం.కామ్ పాఠాల పేర్లు చదువుతుంటేనే చేతులు ఊరుకోలేదు. ఎంబీఏ పాఠాల్లో సగం పేర్లకు అర్థం తెలియలేదు. కోపంతో ఎంబీఏ అంటున్నానా అని తనను తానే నిలదీసుకుంది. కోపమే అని తేలింది. అయినా, ఆ కోపం తీసేసి చూసినా, వెనక ఇంకొకటి మిగిలింది. మార్కెట్‌లో గడిపిన రెండేళ్ళలో లెక్కలు రాయడానికి రోజుకు అరగంట పట్టేది. మిగిలిన పొద్దంతా చేసిన పనికి ఆ ఇంట్లో పేరే లేదు. ఆ పేరు లేని పనే ఆమెకు మళ్ళీ కావాలి.

మదురైలో ఒక కాలేజీ ఉద్యోగస్తుల కోసం శని ఆదివారాల్లో ఎంబీఏ నడుపుతోంది. దరఖాస్తు సులభంగానే ఉంది, ఒక్క చోట తప్ప. కనీసం రెండేళ్ళు నిర్వహణ బాధ్యతల్లో పనిచేసినట్టు సంస్థ యజమాని ఇచ్చిన అనుభవ పత్రం జత చెయ్యాలి. ఎం.కామ్‌కు అలాంటిదేమీ అక్కర్లేదు. డిగ్రీ సర్టిఫికెట్ చాలు.

మాలిని పత్రం తానే టైపు చేసి, ప్రింటు తీసి, మధ్యాహ్నం భోజనం అయ్యాక భర్త ముందు పెట్టింది. 2021 మే నుంచి రెండేళ్ళ పాటు మండి వ్యవహారాలన్నీ ఈమె నిర్వహించింది అని నాలుగు వరుసలు.

పళనిసామి చదివాడు. ఈసారి కళ్ళద్దాలు ఉన్నాయి. పెన్ను తీసి 'నిర్వహించింది' అన్న మాట కొట్టేసి, పైన 'లెక్కల్లో సహాయం చేసింది' అని రాశాడు.

"దీన్ని మళ్ళ కొట్టి తీసుకొని రా, సంతకం పెడతాను."

"ఇది అబద్ధం."

"బయట నలుగురు చూసే కాగితం మాలినీ. రెండేళ్ళు నేను మూల పడుంటి, పెండ్లాం నడిపింది అని నా చేత్తో రాసియ్యాల్నా? రేపు బ్యాంకోడు చూస్తే? వ్యాపారులు చూస్తే?"

"మూల పడున్నారు దానే! పడున్నారు కాబట్టి దానే నేను పోయింది! మీరు చచ్చిపోతారని భయంతో ఏడుస్తా పోయినాను. దాంట్లో మీకు సిగ్గేమి?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు. "ఎం.కామ్ అయితే సరి. ఎంబీఏకి నేను సంతకం పెట్టను. ఇంతే."

సాయంత్రం సూర్య మెల్లగా వచ్చి, తాను ఏదైనా రాసిస్తే పనికొస్తుందా అని అడిగాడు.

"నువ్వు రాయాల్సింది నాకు కాదు, మీ కాలేజీకి," అంది మాలిని. "'వ్యాసంలో నేను రాసింది అబద్ధం' అని రాస్తావా?"

"సీటు పోతాదమ్మా."

"అయితే పో."

అతను మేడ మీది తన గదికి వెళ్ళిపోయాడు. కాలేజీకి తానే ఉత్తరం రాయాలన్నంత కోపం ఆమెకు వచ్చింది. రెండుసార్లు మొదలుపెట్టి తుడిచేసింది. కొడుకు బతుకు పాడుచేయడం ఆమెకు చేతకాలేదు. చేతకానందుకు కూడా కోపమే వచ్చింది.

మర్నాడు ఉదయం ఆమె నేరుగా మార్కెట్‌కు వెళ్ళింది. తమ మండికి వెళ్ళలేదు. గేటు పక్క రేకుల షెడ్డులో ఉన్న లోడింగ్ కూలీల సంఘం ఆఫీసుకు వెళ్ళింది. సంఘం నాయకుడు జెబరాజ్ ఆమెను చూసి కుర్చీ లాగాడు. యాభై దాటిన మనిషి, మార్కెట్‌లో ముప్పై ఏళ్ళుగా బరువులెత్తినవాడు. మాలిని తమిళంలో విషయమంతా చెప్పింది. ఏడుస్తోందని అనుకుంటాడేమోనని గట్టిగా మాట్లాడింది.

జెబరాజ్ అంతా విని గడ్డం గోక్కున్నాడు. "మొదలాళికి తెలిస్తే నా మీద పడతాడు," అన్నాడు.

"పడతాడు. నేను లేదని చెప్పను."

"మా వాళ్ళు పద్నాలుగు మంది మీ మండి మీద బతుకుతుండారు."

"తెలుసు. వద్దంటే వద్దు, నేను లేచి పోతాను. నిన్ను తప్పు పట్టను."

అతను లేవనివ్వలేదు. ఆ రెండేళ్ళలో ఏ రోజు ఏ లారీ ఎక్కడికి పోవాలో తమకు చెప్పింది ఎవరో తాను మరిచిపోలేదన్నాడు. సంఘం పేరున్న కాగితం తీసి, తమిళంలో గుండ్రటి అక్షరాలతో పేజీ నిండా రాశాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు మందిలో పన్నెండు మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు. మాలినికి అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో లారీలకు తీసుకున్న అనుమతులన్నీ ఆమె పేరు మీదే, ఆమె మెయిల్‌కే వచ్చాయి. బాధ్యుల పేరు అన్న చోట మాలిని పళనిసామి అని ఉన్నవి మొత్తం అరవై మూడు. వాటినీ ప్రింటు తీయించి కట్ట కట్టింది.

సాయంత్రానికల్లా మార్కెట్ అంతా ఆ మాటే. పళనిసామి ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అరిచాడు.

"కూలోళ్ళ దగ్గిర కాగితం రాయించుకుంటివా? నా పరువు మార్కెట్‌లో పారేస్తివి!"

"మీ దగ్గర దానే ముందు అడిగినాను. మీరు కొట్టేసినారు."

"ఇంక మండి వాకిలి తొక్కొద్దు!"

"సరి," అంది మాలిని. బీరువా తెరిచి, ఇరవై రెండేళ్ళ పుస్తకాలు, కంప్యూటర్ పాస్‌వర్డు రాసిన చీటీ, పన్నుల ఫైళ్ళు అన్నీ తెచ్చి సోఫా మీద పడేసింది. "ఇరవై తారీకు లోపల రిటర్న్ కట్టాల. కట్టుకోండి. మీ తమ్ముణ్ణి పిలుచుకోండి, ఆయన దానే మండి నడిపినోడు."

మదన్‌ను పిలవనే పిలిచారు. అతను రెండు రోజులు ఫైళ్ళు తిరగేసి, పొల్లాచ్చిలో పని ఉందని వెళ్ళిపోయాడు. చివరికి కణ్ణన్ అనే గుమాస్తాను జీతానికి పెట్టుకున్నారు. తాను ఇన్నాళ్ళూ ఉచితంగా చేసిన పనికి నెల జీతం ఎంతో మాలినికి అప్పుడు తెలిసింది. తెలిశాక రెండు రోజులు అన్నం సహించలేదు.

జూలైలో మదురై కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. విభాగాధిపతి పేరు సౌందరం. నెరిసిన జుట్టు, నూలు చీర, నవ్వని ముఖం. రెండు మాటలు తమిళంలో వినగానే ఆవిడ మాలిని యాస పట్టుకుని, తానూ తెలుగింటి మనిషే కనక తెలుగులోకి దిగింది.

"మన ఇంటి పిల్లలాగ ఉన్నావు కాబట్టి దాపరికం లేకుండా చెప్తాను. నలభై మూడేళ్ళు నీకు. ఎంబీఏ చేస్తే ఎవురు ఉద్యోగం ఇస్తారు? ఎం.కామ్‌లో చేరు. ఇరవై రెండేళ్ళు కణక్కు రాసినావు, నిద్రలో రాసినా ఫస్ట్ క్లాస్ వస్తాది."

పొద్దున నాలుగింటికి లేచి, రెండు బస్సులు మారి వచ్చిన మాలినికి ఆ మాట విని ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్నది సీటిచ్చే మనిషి అన్నది కూడా మరిచిపోయింది.

"నిద్రలో వచ్చేదాన్ని చదివేదానికి నేను వంద కిలోమీటర్లు రాలేదు మేడమ్."

పక్కనున్న ఇద్దరు అధ్యాపకులు తలెత్తారు. సౌందరం ముఖం మారలేదు. "కణక్కంటే ఇష్టం లేదా?"

"రొంబ ఇష్టం. నాకు ఇష్టమైందాన్నే నాకు కట్టుకొయ్య చేసినారు. అక్కడే కట్టేసి, అక్కడే మేత వేస్తుండారు. మీరూ అదే చెప్తుండారు."

"అయితే ఇంట్లో వాళ్ళ మీద కోపంతో వస్తివి."

"అవును మేడమ్, కోపంతోనే వస్తిని. అదొకటి. ఇంకొకటి ఉండాది." మాలిని లారీ అనుమతుల కట్ట బల్ల మీద పెట్టింది. "ఈ రెండేళ్ళు నేను చేసింది సగం అంచనా, సగం మొండితనం. కొన్ని కుదిరినాయి. కొన్ని కుదరలేదు. ఒకసారి నలభై టన్నుల టమాటా నా తప్పు వల్ల దానే కుళ్ళిపోయింది. ఎందుకు కుదిరిందో, ఎందుకు పోయిందో నాకు తెలీదు. తెలుసుకోవాల. మా ఇంట్లో ఎవురికీ తెలీదు, అడిగే మనిషి కూడా లేడు."

సౌందరం ఒక్కొక్క కాగితమూ తిప్పింది. జెబరాజ్ ఉత్తరం చివరి దాకా చదివి, వేలిముద్రల దగ్గర ఆగింది. యజమాని పత్రం ఎందుకు లేదని అడిగింది.

"యజమాని నా మొగుడు," అంది మాలిని.

యజమాని పత్రం ఉండాల్సిన చోట ఆవిడ జెబరాజ్ ఉత్తరం పెట్టి ఫైలు మూసింది. పది రోజులకు సీటు వచ్చినట్టు మెయిల్ వచ్చింది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టిన గాజుల జతలో ఒకదాన్ని అమ్మి మాలిని ఫీజు కట్టింది. పళనిసామి ఆ సంగతి తెలిసి ఏమీ అనలేదు. అసలు ఆ రెండు నెలలూ ఆయన ఆమెతో ఏమీ అనలేదు. కంచం ముందు కూర్చుంటే ఆమె వడ్డించింది, ఆయన తిన్నాడు, అంతే.

సెప్టెంబరులో ఒక రాత్రి సూర్య హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. మాటల్లో పెట్టి, ఆ త్రిశూరు వ్యాపారి చివరికి ఎలా ఒప్పుకున్నాడని అడిగాడు. క్లాసులో ప్రొఫెసర్ ఆ సంగతి వివరంగా చెప్పమన్నాడట.

"మీ చిన్నాన్నను అడుగు," అని మాలిని ఫోన్ పెట్టేసింది. అరగంట తరువాత "సారీ అమ్మా" అని సందేశం వచ్చింది. అది వ్యాసం గురించో ఫోను గురించో ఆమెకు తెలియలేదు. జవాబివ్వలేదు.

క్లాసులో ఆమె పక్క సీట్లలో ఉన్నవాళ్ళు బ్యాంకుల్లో, మిల్లుల్లో పనిచేసే ముప్పై ఏళ్ళవాళ్ళు. వాళ్ళు గబగబా ఇంగ్లీషు మాట్లాడుతుంటే మొదట్లో నోరు పెగిలేది కాదు. గణాంకాల పాఠం బొత్తిగా ఎక్కలేదు. మనుషుల్ని ఎలా నడిపించాలనే పాఠంలో మాత్రం మాస్టారితో రెండుసార్లు వాదానికి దిగింది. కూలీల గురించి పుస్తకంలో ఉన్నది తప్పని ఆమె అంటే, ఎందుకు తప్పో రాసి తెమ్మన్నాడాయన. ఆరు పేజీలు రాసి తీసుకెళ్ళింది.

మొదటి సెమిస్టరు ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. అకౌంటింగ్‌లో తొంభై ఒకటి, తరగతిలో అందరికన్నా ఎక్కువ. గణాంకాల్లో ముప్పై ఎనిమిది. తప్పింది.

పళనిసామి ఎలా చూశాడో చూశాడు. ఎన్నో నెలల తరువాత ఆయనే ముందు మాట్లాడాడు. గొంతులో గెలిచినవాడి నవ్వు ఉంది. "చూస్తివా? నేను అప్పుడే చెప్పినాను. కణక్కే నీకు. ఎం.కామ్ చేరి ఉంటే ఇప్పుడు ఫస్టు దానే?"

మాలిని చేతిలో కూరగాయల కత్తి ఉంది. దాన్ని పీట మీద పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు ముప్పై ఎనిమిది ఎందుకు వచ్చిందో చెప్పేదా? అది నాకు రాదు కాబట్టి. రానిదాన్ని నేర్చుకొనేదానికి దానే పోయింది. మళ్ళ రాస్తాను. మళ్ళ పోతే మళ్ళ రాస్తాను. మీరు మార్కు చూసి సంతోషపడాల్సిన అక్కర లేదు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మండికి వెళ్ళిపోయాడు.

ఆమె కూర పొయ్యి మీద పెట్టి, ఫోను తీసి మళ్ళీ పరీక్షకు ఫీజు కట్టింది. శనివారం క్లాసు అయ్యాక గణాంకాల మాస్టారి గదికి వెళ్ళి, మొదటి పాఠం నుంచి మళ్ళీ చెప్పమని అడిగింది. ఆయన తనకు టైము లేదన్నాడు. ఎప్పుడుంటుందో చెప్పండి, అప్పుడే వస్తానంది. ఆదివారం ఉదయం ఏడున్నరకు రమ్మన్నాడు. ఆ రాత్రి మదురైలో కాలేజీ హాస్టల్‌లోనే ఒక మంచం అద్దెకు తీసుకుని పడుకుంది. ఏడుంబావుకే వెళ్ళి ఆయన గది ముందు నిలబడింది.